దీర్ఘకాలిక లుకేమియాతో ఏళ్ల తరబడి: రోజూ మందు వేసుకునే జీవితాన్ని అమర్చుకోవడం ఎలా

నాకు సీఎంఎల్ అని తెలిసి 12 ఏళ్లయింది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. వేరే పనిమీద చేయించుకున్న సీబీపీలో, అంటే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్షలో, తెల్ల రక్తకణాలు 1,86,000 వచ్చాయి. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. ల్యాబ్‌లో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని మర్నాడు ఇంకోచోట రక్తం ఇచ్చాను. అక్కడ 1,91,000. అప్పటికి నాకున్న బాధల్లా ఎడమ డొక్కలో బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం. అది ప్లీహం పెరగడం వల్లనని తర్వాత తెలిసింది.

ఈ 12 ఏళ్లలో “ధైర్యంగా ఉండు” అని చెప్పినవాళ్లు లెక్కలేనంతమంది. మాత్ర ఏ వేళకి వేసుకుంటే వికారం పెట్టదో, ఒక పూట తప్పితే ఏం చేయాలో, రిపోర్టులో ఏ అంకె చూడాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు చాలా తక్కువ. ఈ జబ్బుకి ధైర్యం చాలదు, ఇంట్లో ఏర్పాటు ఉండాలి. నేను ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. మీరు ముందే తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. ఏ మందు, ఎంత డోసు అన్నది మీ డాక్టర్ గారే నిర్ణయించాలి. ఆయన రాసిచ్చిన చీటీ ఇంటికొచ్చాక మన చేతుల్లో ఏమవుతుందన్నదే ఇక్కడి విషయం.

1. ముందు జబ్బు పేరు పూర్తిగా తెలుసుకోండి

“బ్లడ్ క్యాన్సర్” అన్న మాట దగ్గర ఆగిపోకండి. ఆ మాట కింద ఎన్నో జబ్బులున్నాయి. ఒకదానికి పనికొచ్చే సలహా ఇంకోదానికి హాని చేయొచ్చు. దీర్ఘకాలిక లుకేమియాల్లో తరచుగా వినిపించేవి రెండు: సీఎంఎల్, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే సీఎల్‌ఎల్.

సీఎంఎల్‌లో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదాని చోటికి ఒకటి మారిపోతాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. అది తయారు చేసే ప్రొటీను ఆపడానికి వీల్లేకుండా ఇరుక్కుపోయిన స్విచ్చులాంటిది. తెల్ల కణాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. ముక్క ఊడినట్టు పొట్టిగా కనిపించే ఆ 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ కనిపెట్టారు. అందుకే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అని పేరు. ముక్క ఊడిపోలేదు, 9తో మార్పిడి జరిగిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ స్విచ్చును ఆపే మొదటి మాత్ర ఇమాటినిబ్‌కి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏటా సెప్టెంబర్ 22ను ప్రపంచ సీఎంఎల్ దినంగా పెట్టుకోవడం కూడా ఆ 9, 22 అంకెలను బట్టే.

నాకు మొదటి నెలంతా నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటే: మా అబ్బాయికి వస్తుందా? రాదు. ఈ మార్పు మనం పుట్టాక, ఎముక మజ్జలోని ఒక కణంలో జరిగింది. తల్లిదండ్రుల నుంచి రాలేదు, పిల్లలకు పోదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఈ మూడు ముక్కలూ ఇంట్లో అందరికీ మొదటి రోజే చెప్పేయండి.

సీఎల్‌ఎల్ దారి వేరు. అది తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లకు వచ్చేది. ఎక్కువగా పెద్ద వయసువాళ్లలో కనిపిస్తుంది. చాలామందికి జబ్బు బయటపడ్డ రోజున మందే అవసరం ఉండదు. కొన్ని కుటుంబాల్లో ఒకరి కంటే ఎక్కువమందికి రావడం ఉంది కాబట్టి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

సీఎంఎల్ అయితే మొదట్లోనే అడగాల్సినవి: ఇప్పుడు ఏ దశలో ఉంది, నెమ్మదిగా సాగే క్రానిక్ దశేనా? నాకున్న బీపీ, షుగరు, గుండె, ఊపిరితిత్తుల సంగతి చూసి ఈ మందు ఎంచుకున్నారా? హెపటైటిస్ బి పరీక్ష చేశారా? చివరిది చాలామందికి తెలియదు. ఒంట్లో ఎప్పటి నుంచో నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బి ఈ మందులతో మళ్లీ లేవవచ్చు. అందుకే మందు మొదలుపెట్టే ముందే చూస్తారు.

2. మాత్రకు ఒక వేళ, ఒక చోటు, ఒక సాక్షి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. నేను జారింది ఇక్కడే.

మొదట్లో ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున్నే వేసుకునేదాన్ని. ఆఫీసుకు వెళ్లే హడావిడిలో రెండు ముద్దలు తిని, రెండు గుక్కల నీళ్లతో మింగేసి పరుగు. పావుగంటలో కడుపులో తిప్పడం మొదలయ్యేది. పొద్దున్నే మీటింగు ఉన్న రోజు “ఈ ఒక్కరోజుకేలే, రాత్రికి వేసుకుందాం” అనుకునేదాన్ని. రాత్రికి మర్చిపోయేదాన్ని. మా ఆయన తెచ్చిన ఏడు గడుల మాత్రల డబ్బా అలమరలోనే ఉండేది. దాని వంక ఎవరూ చూసేవాళ్లు కాదు.

ఆరో నెల రిపోర్టు అనుకున్నంత బాగా రాలేదు. డాక్టర్ గారు అడిగారు, “మాత్ర రోజూ వేసుకుంటున్నారామ్మా?” అని. “వేసుకుంటున్నానండీ” అన్నాను. సిగ్గుతో చెప్పిన అబద్ధం అది. ఆయన దాన్ని నమ్మారు. నమ్మాక ఒక డాక్టర్ ఏమనుకోవాలి? మందు పనిచేయడం లేదనుకోవాలి. మందుకు లొంగని మార్పు జన్యువులో ఏదైనా వచ్చిందేమోనని మ్యుటేషన్ టెస్టు రాశారు. అవసరమైతే ఇంకో మందుకు మారదామన్నారు.

ఆ వారమే, అప్పటికి తొమ్మిదేళ్లున్న మా అబ్బాయి ఏదో వెతుకుతూ అలమర తీశాడు. “అమ్మా, మంగళవారం గడిలో మాత్ర అలాగే ఉంది. గురువారం గడిలో కూడా ఉంది. ఇవి ఎప్పుడు వేసుకుంటావు?” ఆ రోజు శనివారం. డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండు గడుల్లో రెండు మాత్రలు. నెలకు ఎన్నో లెక్కేసుకుంటే ఏడెనిమిది.

లండన్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. ఇమాటినిబ్ వాడుతున్న 87 మందికి, మూత తీసిన ప్రతిసారీ నమోదయ్యే చిప్ ఉన్న సీసాల్లో మాత్రలు ఇచ్చి చూశారు. 90 శాతం కంటే ఎక్కువ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు మంచి స్పందన వచ్చే అవకాశం దాదాపు 94 శాతం. 90 శాతం, అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో అది దాదాపు 28 శాతమే. నెలకు 30 మాత్రలైతే 90 శాతం అంటే 27. నెలలో మూడు మాత్రలు తప్పడం అనే చిన్న విషయం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

తర్వాతి వారం వెళ్లి నిజం చెప్పేశాను. డాక్టర్ గారు తిట్టలేదు. “ఏ వేళకి వేసుకుంటున్నారు, ముందు ఏం తింటున్నారు, నీళ్లు ఎన్ని తాగుతున్నారు?” అని మూడే ప్రశ్నలు అడిగారు. మాత్రను రాత్రి భోజనానికి మార్చారు. కడుపు నిండా తిన్నాక, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకుండా గంటన్నర కూర్చోమన్నారు. వికారం వారంలో తొంభై పాళ్లు తగ్గింది. అంతకుముందు ఆర్నెల్లు నేను పడ్డ బాధకు మందు ఆ ఒక్క మార్పే.

నేను పెట్టుకున్న ఏర్పాటు ఇది. డబ్బా అలమరలోంచి భోజనాల బల్ల మీదికి వచ్చింది. వారానికోసారి ఆదివారం రాత్రి మా అబ్బాయి చేత గడులు నింపిస్తాను. ఫోన్లో అలారం పెట్టుకున్నాను, కానీ అలారం ఆపేయడం చాలా సులువు. అందుకే మాత్ర మింగాకే అలారం ఆపాలని నియమం. పడుకునే ముందు మా ఆయన గడి చూస్తారు, నన్ను అడగరు. ఆ తేడా ముఖ్యం. రోజూ “మాత్ర వేసుకున్నావా?” అని అడిగితే కొన్నాళ్లకు విసుగొస్తుంది, విసుగులోంచి అబద్ధం వస్తుంది. ఖాళీ గడి కనిపిస్తే ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. ఒంటరిగా ఉండేవాళ్లు ఖాళీ గడి ఫొటో తీసి అక్కకో స్నేహితుడికో పంపుకోవచ్చు.

సీఎంఎల్‌కి ఇచ్చే మందులన్నిటికీ వేళ ఒకటి కాదు. ఇమాటినిబ్, బోసుటినిబ్ తిన్నాక వేసుకోవాలి. నిలోటినిబ్ క్యాప్సూళ్లు మామూలుగా ఖాళీ కడుపుతో, దాదాపు 12 గంటల తేడాతో రోజుకు రెండుసార్లు వేసుకోవాలి: ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట ఏమీ తినకూడదు. తిని వేసుకుంటే ఒంట్లోకి ఎక్కువ మోతాదు చేరి గుండె లయకు ముప్పు తెస్తుంది. ఎసిమినిబ్‌కి కూడా అదే ఉపవాసం. డాసటినిబ్ తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. సీఎల్‌ఎల్‌కి ఇచ్చే వెనెటోక్లాక్స్ ఆహారంతోపాటు వేసుకోవాలి. మందు మారితే వేళ కూడా మారుతుందని గుర్తుపెట్టుకోండి.

ఒక పూట తప్పితే తర్వాతి పూట రెండు వేసుకోకండి. మాత్ర మింగిన కాసేపటికి వాంతి అయితే వెంటనే ఇంకోటి మింగేయకుండా ముందు ఫోన్ చేసి అడగండి. ఇంట్లో కనీసం 10 రోజులకు సరిపడా మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి. ప్రయాణంలో చేతి సంచిలోనే పెట్టుకోండి, పెట్టెలో పెట్టకండి.

3. ఒక నోటుబుక్కు, అందులో ఒక అంకె

ఫైళ్ల కట్ట ఎంత లావైతే అంత గందరగోళం. 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొనుక్కుని ప్రతి పరీక్షకూ ఒక్క వరుస రాయండి: తేదీ, తెల్ల కణాలు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, బీసీఆర్-ఏబీఎల్ శాతం, ఆ నెలలో తప్పిన మాత్రలు. ఆఖరి గడిని వదిలేయకండి. నా నోటుబుక్కులో ఆ గడి లేకపోవడం వల్లే నేను ఆర్నెల్లు దాచగలిగాను.

రక్తంలో ఆ జన్యువు ఇంకా ఎంత ఉందో చూపే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష మామూలుగా మొదట్లో మూడు నెలలకోసారి చేస్తారు. రిపోర్టులో “ఐఎస్” లేదా అంతర్జాతీయ స్కేలు అని ఉందో లేదో చూడండి. అది ఉంటేనే ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చడానికి వీలు. అయినా వీలైనంత వరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది. డాక్టర్లు చూసే గుర్తులు ఇవి: 3 నెలలకు 10 శాతానికి, 6 నెలలకు 1 శాతానికి, 12 నెలలకు 0.1 శాతానికి దిగడం. 0.1 శాతం కింద ఉంటే దాన్ని మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్ అంటారు, రిపోర్టుల్లో ఎంఎంఆర్ అని కనిపిస్తుంది. 0.01 శాతానికి దిగితే ఎంఆర్ 4. 0.0032 శాతానికి దిగితే ఎంఆర్ 4.5.

నా అంకెలు ఇలా నడిచాయి: 3 నెలలకు 8.4, 6 నెలలకు 1.8, నిజం చెప్పి వేళ మార్చాక 9 నెలలకు 0.6, 12 నెలలకు 0.19, 18 నెలలకు 0.07. ఏడాదికి 0.1 అందుకోలేదు. గుర్తు దాటలేదని మందు వెంటనే మార్చేయరు. అంకె దిగుతోందా, ఎక్కుతోందా, ఎందుకు అని చూస్తారు. మ్యుటేషన్ ఏదీ లేదు. మాత్రలు సరిగ్గా పడుతున్నాయని ఇప్పుడు ఆయనకు తెలుసు. అందుకే అదే మందు, అదే డోసు కొనసాగించారు. నేను అబద్ధం మీదే నిలబడి ఉంటే, పనిచేసే మందును వదిలేసి, రక్తనాళాలకో ఊపిరితిత్తులకో ఎక్కువ ముప్పున్న మందుకు అనవసరంగా మారేదాన్ని.

అంకె బాగా దిగాక ఇంకో రకం భయం పట్టుకుంటుంది. ఒకసారి 0.004 నుంచి 0.009కి పెరిగింది. రెండు రోజులు అన్నం సహించలేదు. అంత కింది స్థాయిలో రెండు మూడు రెట్ల తేడా పరీక్షలోని హెచ్చుతగ్గుల వల్ల కూడా వస్తుంది. మళ్లీ చేయించి చూస్తారు. రిపోర్టు వచ్చేదాకా పడే ఆ కుదురులేనితనం 12 ఏళ్లయినా నాకు పోలేదు. నేను చేసేదల్లా రక్తం ఇచ్చిన రోజే రిపోర్టు చూసే రోజును, డాక్టర్‌ని కలిసే రోజును ఒకటిగా పెట్టుకోవడం. రాత్రి పదింటికి ఫోన్లో రిపోర్టు తెరిచి, తెల్లారేదాకా ఒంటరిగా దానితో కూర్చునే శిక్ష వేసుకోవడం మానేశాను.

4. మందే లేకుండా ఎదురుచూసేవాళ్లకి

నేను వెళ్లే చోట వెయిటింగ్ హాల్లో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. బాబాయ్ గారూ అని పిలుస్తాను. ఆయనది సీఎల్‌ఎల్. మొదటిసారి మాట్లాడినప్పుడు అడిగారు, “మందే ఇవ్వనప్పుడు జబ్బు సంగతి ఎందుకు చెప్పారమ్మా? తెలియకపోతే హాయిగా ఉండేవాణ్ణి కదా.” నా దగ్గర జవాబు లేదు. రోజూ మాత్ర మింగే నాకు, ఏదో చేస్తున్నానన్న ఊరటైనా ఉంది. ఆయనకు అదీ లేదు.

సీఎల్‌ఎల్‌లో తొందరపడి మందు మొదలుపెట్టడం వల్ల, ఏ ఇబ్బందీ లేని తొలి దశవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని తేలలేదు. దుష్ప్రభావాలు మాత్రం ముందే మొదలవుతాయి. అందుకే ఆగుతారు. ఆగడం అంటే గాలికి వదిలేయడం అనుకోకండి. ఆ రోజుల్లో కూడా చేయాల్సిన పని ఉంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి సీబీపీ, మెడ, చంకలు, గజ్జల్లో గడ్డలు పెరుగుతున్నాయేమో చూడటం, బరువు రాసుకోవడం. ఆర్నెల్లలో బరువు 10 శాతం తగ్గినా, ఇన్ఫెక్షన్ ఏదీ లేకుండా రెండు వారాలు 38 డిగ్రీల సెల్సియస్ పైన జ్వరం ఉన్నా, నెల రోజులుగా రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమటలు పడుతున్నా, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా చెప్పాలి. లింఫోసైట్ల అంకె ఎంత ఉందన్నదాని కంటే, ఆర్నెల్ల లోపు రెట్టింపయిందా అన్నది డాక్టర్లకు ముఖ్యం.

ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడుకోవడం సీఎల్‌ఎల్‌వాళ్లకు మందు ఉన్నా లేకపోయినా అవసరమే. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవాలి. బతికున్న సూక్ష్మజీవులతో చేసే లైవ్ టీకాలు మాత్రం వేయించుకోకూడదు. టీకా వేసేవాళ్లకు జబ్బు పేరు ముందే చెప్పండి.

బాబాయ్ గారికి నాలుగేళ్ల తర్వాత మందు మొదలైంది, అకాలబ్రూటినిబ్. మొదటి నెల రోజులు తలనొప్పి, తర్వాత తగ్గింది. ఆ మధ్య పన్ను పీకించుకోవడానికి వెళ్లబోతూ నాకు ఫోన్ చేశారు. “ముందు మన డాక్టర్‌కి చెప్పారా?” అన్నాను. చెప్పలేదు. ఇబ్రూటినిబ్, అకాలబ్రూటినిబ్, జానుబ్రూటినిబ్ వాడేవాళ్లలో రక్తం సులువుగా ఆగదు. ఆపరేషన్లకు ముందు, తర్వాత మూడు నుంచి ఏడు రోజులు మందు ఆపమని చెప్పే అవకాశం ఉంది. ఎన్ని రోజులన్నది డాక్టరే చెప్పాలి. ఇంకొక సంగతి: ఈ మందులు మొదలుపెట్టిన కొత్తలో లింఫోసైట్లు తగ్గకపోగా పెరుగుతాయి. గడ్డల్లో దాక్కున్నవి రక్తంలోకి రావడం వల్ల అలా జరుగుతుంది. గడ్డలు కరుగుతున్నాయా అన్నది చూడాలి. ఆ అంకె చూసి మందు పనిచేయడం లేదని మానేయకండి.

వెనెటోక్లాక్స్ ఇచ్చేటప్పుడు 20, 50, 100, 200, 400 మిల్లీగ్రాములు అని ఐదు వారాల్లో వారానికో మెట్టు ఎక్కిస్తారు. కణాలు ఒక్కసారిగా చచ్చి, వాటిలోని పదార్థాలు కిడ్నీల మీద పడకుండా ఆ జాగ్రత్త. ఆ వారాల్లో నీళ్లు బాగా తాగమన్నా, రక్త పరీక్షకు ఫలానా గంటకు రమ్మన్నా అది మర్యాదకు చెప్పిన మాట అనుకోకండి.

5. ఏది ఓర్చుకోవాలి, దేనికి ఫోన్ చేయాలి

ఇమాటినిబ్‌తో నాకు పొద్దున్న లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు. రాత్రి రెండింటికి పిక్క పట్టేసి, మంచం మీద లేచి కూర్చుని కాలి వేళ్లను వెనక్కి లాగుకుంటూ, పక్కవాళ్లు లేస్తారని పళ్లు బిగబట్టుకోవడం. చేతివేళ్లు పట్టేసి కలం జారిపోవడం. చర్మం రంగు కాస్త తేలికపడటం. మొదట్లో ఇవన్నీ జబ్బు ముదురుతున్న సూచనలనుకుని భయపడ్డాను. మందువల్ల వచ్చేవే. పిక్కలకు పడుకునే ముందు సాగదీసే వ్యాయామం, పగలు నీళ్లు సరిగ్గా తాగడం పనికొచ్చాయి. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు చూపించుకోవడం కూడా. ఉబ్బుకు ఉప్పు తగ్గించడం, తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోవడం.

ఓర్చుకోవచ్చు అన్నవాటిని కూడా చెప్పకుండా ఓర్చుకోకండి. మాత్ర మానేయాలన్న ఆలోచన పుట్టేది వీటిలోంచే. ప్రాణం మీదికి రాని వికారం, నిద్ర చెడగొట్టే పిక్క నొప్పి, నెల తర్వాత నెల ఉంటే మనిషిని లొంగదీస్తాయి. డాక్టర్ దగ్గర ఉన్న అయిదు నిమిషాల్లో “ఎలా ఉన్నారు?” అంటే “బాగానే ఉన్నానండీ” అని వచ్చేయడం మనందరికీ అలవాటు. చీటీ మీద రాసుకెళ్లండి. వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ వేళకి. “కాళ్లు లాగుతున్నాయి” అంటే తల ఊపి ఊరుకుంటారు. “వారానికి నాలుగు రాత్రులు రెండింటికి లేస్తున్నాను” అంటే చీటీ మారుతుంది.

ఇక ఆగకుండా ఫోన్ చేయాల్సినవి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం. మెట్లెక్కితే ఇదివరకు లేని ఆయాసం, పడుకుంటే దగ్గు: డాసటినిబ్ వాడేవాళ్లలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం ఏళ్ల తర్వాత కూడా జరగొచ్చు. రెండు మూడు రోజుల్లో కిలోల లెక్కన బరువు పెరగడం. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం, నడిస్తే పిక్కలో నొప్పి వచ్చి ఆగితే తగ్గడం: నిలోటినిబ్, పొనాటినిబ్ వాడేవాళ్లకు రక్తనాళాలు మూసుకుపోయే ముప్పు ఎక్కువ. అందుకే ఆ మందులమీద ఉన్నవాళ్లు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ రాసుకోవడం కూడా లుకేమియా చికిత్సలో భాగమే. గుండె దడ, లయ తప్పినట్టు అనిపించడం: ఇబ్రూటినిబ్ కుటుంబం మందులతో కలగొచ్చు. కళ్లు పచ్చబడటం, నల్లటి విరేచనం, ఒంటి మీద కొత్తగా కమిలిన మచ్చలు.

మొదటి నెలల్లో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే డాక్టర్లే కొన్ని రోజులు మందు ఆపిస్తారు, ఎప్పుడు మొదలుపెట్టాలో చెబుతారు. దాన్ని చూసి “మందు ఆపినా ఏం కాలేదు కదా” అని మనంతట మనం ఆపడం నేర్చుకోకూడదు.

నీరసం గురించి ఒక మాట. బయటికి కనబడదు, ఎవరూ నమ్మరు, మనల్ని మనమే బద్ధకమని తిట్టుకుంటాం. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, నిద్ర చూపించుకోండి, వాటికి చికిత్స ఉంది. అవన్నీ సరిగ్గా ఉన్నాక నాకు పనికొచ్చింది నడక. నీరసానికి నడక ఏమిటని నేనూ అనుకున్నాను. పది నిమిషాలతో మొదలుపెట్టాను. రెండు నెలలకు సాయంత్రాలు తిరిగొచ్చాయి.

6. మాత్రకు పడనివి

ఈ మాత్రల్లో చాలావరకు కాలేయంలో ఒకే ఎంజైము ద్వారా కరుగుతాయి. ఆ ఎంజైమును అడ్డుకునేవి ఒంట్లో మందు మోతాదును పెంచుతాయి, దాన్ని రెచ్చగొట్టేవి తగ్గించేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ మానేయమంటారు. పేరు చూసి ద్రాక్ష మానేసినవాళ్లు నాకు తెలుసు. గ్రేప్‌ఫ్రూట్ ద్రాక్ష కాదు, నారింజ కుటుంబంలోని పెద్ద పండు. దానికి దగ్గరి చుట్టం పంపరపనస కూడా వద్దు. ద్రాక్ష నిశ్చింతగా తినండి.

క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు, కొన్ని ఫంగస్ మందులు మోతాదు పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ తగ్గిస్తాయి. గ్యాస్‌కి వేసుకునే మాత్రలను మనం మందుగానే లెక్కపెట్టం, కానీ డాసటినిబ్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఒమెప్రజోల్ లాంటివి దాన్ని పనిచేయనివ్వవు. మూలికల మందుల్లో ఏముందో సీసా మీద ఉండదు కాబట్టి, అవి ఎంత మంచి మనసుతో తెచ్చిచ్చినా పక్కన పెట్టండి. నేను మందు పేరు, డోసు, జబ్బు పేరు రాసిన చిన్న కార్డు పర్సులో పెట్టుకుంటాను. జలుబుకు వెళ్లినా ముందు అదే చూపిస్తాను.

7. ఎవరికి ఎంత చెప్పాలి

“అదృష్టవంతురాలివి, మంచి క్యాన్సర్ వచ్చింది” అని ఒక బంధువు అన్నారు. ఓదార్చాలనే అన్నారు. ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్లకు 83 శాతం మంది బతికి ఉన్నారని పెద్ద అధ్యయనం చెప్పింది నిజమే, దాని విలువ నాకు తెలుసు. అయినా రోజూ మింగే మాత్ర, మూడు నెలలకోసారి పట్టే వణుకు మంచివి కావు. ఆ మాట విన్నప్పుడు గొంతు పట్టేస్తే మీరు కృతజ్ఞత లేనివాళ్లేం కాదు.

నేను ఇంట్లోవాళ్లకు అంతా చెప్పాను. ఆఫీసులో సెలవు ఇచ్చే ఒక్కరికే చెప్పాను. మిగతావాళ్లకు “రక్తానికి సంబంధించిన దీర్ఘకాలిక సమస్య, రోజూ మందు వాడుతున్నాను” అన్న ఒక వాక్యం తయారుగా పెట్టుకున్నాను. మనసు మరీ బరువైతే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లండి. ఆ మందు కూడా కార్డు చూపించాకే రాయించుకోండి.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు గర్భం రాకముందే చెప్పాలి. ఈ మాత్రలు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి, ముఖ్యంగా మొదటి నెలల్లో. అంకె బాగా దిగి, కొన్నేళ్లు నిలకడగా ఉన్నాక, డాక్టర్ పర్యవేక్షణలో మందు ఆపి బిడ్డను కన్నవాళ్లున్నారు. మాత్ర వాడుతూ పాలివ్వకూడదు.

8. మందు ఆపి చూడటం

సీఎంఎల్‌లో కొందరు మందు ఆపేయవచ్చు. ఎవరంటే వాళ్లు ఆపడానికి వీల్లేదు. మొదటి నుంచీ క్రానిక్ దశలోనే ఉండి ఉండాలి. ఇమాటినిబ్ అయితే అయిదేళ్లకు తక్కువ కాకుండా వాడి ఉంటే మేలు. అంకె కనీసం రెండేళ్లుగా ఎంఆర్ 4 దగ్గరో అంతకంటే కిందో నిలకడగా ఉండాలి. ఆపాక మొదటి ఆర్నెల్లు నెలకోసారి, తర్వాతి ఆర్నెల్లు రెండు నెలలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి పీసీఆర్ చేయించుకోగలగాలి, రిపోర్టు త్వరగా రావాలి. ఈ ఆఖరి షరతు కుదరనివాళ్లు ఆపకపోవడమే క్షేమం.

ఆపినవాళ్లలో దాదాపు సగంమందికి జబ్బు అంకె మళ్లీ పెరుగుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఆర్నెల్లలో. మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ తిరిగి దిగుతుంది. నేను తొమ్మిదో ఏట ఆపాను. మొదటి నెల భుజాలు, మోకాళ్లు నొప్పులు. మందు ఆపినప్పుడు దాదాపు పావువంతు మందికి అలా వచ్చి, కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. రెండో నెల 0.006. మూడో నెల 0.03. నాలుగో నెల 0.16. హద్దు 0.1.

ఫోన్ వచ్చినప్పుడు వంటింట్లో ఉన్నాను. “ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండమ్మా” అన్నారు. ఓడిపోయానన్న ఏడుపు వచ్చింది, దాచను. మా అబ్బాయి ఏమీ అనలేదు. బీరువా పైనుంచి డబ్బా దించి, తుడిచి, ఆ వారంలో మిగిలిన నాలుగు గడులూ నింపి బల్ల మీద పెట్టాడు. మూడు నెలలకు అంకె 0.04కి, ఏడాదికి మళ్లీ 0.01 కిందికి దిగింది.

మీరు ఆపాలనుకుంటే ఆపే రోజునే రెండు విషయాలు నోటుబుక్కులో రాయించుకోండి: ఏ అంకె దాటితే మళ్లీ మొదలుపెట్టాలి, ఆ రిపోర్టు వచ్చిన రోజు ఎవరికి ఫోన్ చేయాలి. ఇంట్లో రెండు వారాల మాత్రలు, గడువు తేదీ చూసుకుని, విడిగా దాచి ఉంచండి.